అవ్వ ఇన్న పుస్తకాలు

ఆరుద్ర కార్తె నడుస్తున్నది. మా జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్ర చెలుకల్ల కంది, పెసర, కొర్ర గింజలు పడ్డయి. ఏడాదిల సగం ఒడిసింది. ఈ ఆరు నెలల్ల నేను ఎనిమిది పుస్తకాలు చదివిన. సర్కారు బడిల పంతులు పని చేసుకుంట, ఇద్దరు పిల్లల ఫీజులు కట్టుకుంట బతికేటోనికి అది తక్కువేం గాదు. అందుల కొన్ని నచ్చినయి, కొన్ని నచ్చలేదు. నచ్చనివి ఎందుకు నచ్చలేదో గూడ చెప్పాలె. మనోళ్ల పుస్తకమైతె మెచ్చుకోవాలె, పైకులపోళ్ల పుస్తకమైతె తిట్టాలె అనేది మన మీటింగుల్ల ఒక అలవాటైంది. దానితోని పుస్తకానికీ లాభం లేదు, మనకూ లాభం లేదు.

ఇవి నేను ఒక్కణ్ణే కూసోని చదివిన పుస్తకాలు గావు. ఆదివారం పొద్దుగూకంగ మా ఇంటి అరుగు మీద గట్టిగ చదివినవి. మా వాడల డిగ్రీ, ఇంటర్ చదివే పిల్లలు నలుగురైదుగురు వస్తరు. వాళ్ల చేతుల్ల ఎప్పుడు చూసినా గ్రూప్ టూ గైడో, కానిస్టేబుల్ గైడో. అది తప్పు గాదు, నౌకరి గావాలె. కాని వారంల రెండు గంటలు వేరే పుస్తకం చదువుదమని సంక్రాంతికి అనుకున్నం. మా అవ్వ అప్పటికే అరుగు మీద ఉండేది. ఆమెను లేపలేక అక్కడనే మొదలువెట్టినం. నాలుగు ఆదివారాలు గడిసేసరికి పిల్లలకంటె ముందు ఆమెనే తయారుగ కూసునుడు షురువైంది.

మా అవ్వకు అక్షరం రాదు. చెప్పులు కుట్టే ఇంట్ల పుట్టింది, జీతగాని ఇంటికి కోడలైంది. ఇనుడు మాత్రం ఆమెకు బాగ తెలుసు. మాచ్‌నూర్‌ల సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైనప్పటి నుంచి రాత్రిపూట ఆమెకు అదే తోడు. ఆ రేడియోను నడిపింది మా అసొంటి దళిత ఆడోళ్లే. చదువు రానోళ్లు మైకు ముందట కూసోని విత్తనం గురించి, బిడ్డల గురించి, పాటల గురించి మా మాటలనే మాట్లాడిన్రు. అట్ల ఇని ఇని మా అవ్వకు ఒక తూకం ఏర్పడ్డది. పుస్తకం చదువుతుంటె మధ్యల లేసి బర్రె దిక్కు పోయిందంటె ఆ పుస్తకం ఫెయిల్. "ఆగు కొడుకా, మల్ల సదువు" అన్నదంటె పాస్. నా నోట్‌బుక్కుల ప్రతి పుస్తకానికి రెండు మార్కులున్నయి, నాది ఒకటి, ఆమెది ఒకటి. రెండూ కలిసినవి తక్కువ.

మొదట చదివింది కన్నడ పుస్తకం, సిద్ధలింగయ్య జీవిత కథ 'ఊరు కేరి'. మాకు బీదర్ దగ్గర. మా వాడల ఒక పెద్దమనిషి చిన్నప్పుడు బీదర్ దిక్కు కన్నడ మీడియంల చదువుకున్నడు. ఆయన ఒక్కొక్క పేరా కన్నడంల చదివి మా మాటలల్ల చెప్పిండు. కేరి అంటె మనకు చెప్పక్కర లేదు, మా దిక్కు గూడ గేరి అనే అంటరు. ఆ పుస్తకం మొదట్లనే ఒక భూస్వామి చేన్ల ఇద్దరు మనుషులు ఎడ్ల లెక్క కాడికి కట్టుకొని దున్నుతుంటరు. పిల్లగాడు చూస్తె అందుల ఒకడు తన తండ్రి.

ఇదే ముచ్చట వేరే ఎవరన్న రాస్తె పది పేజీలు ఏడ్పిస్తరు. సిద్ధలింగయ్య ఏడ్పియ్యడు. చూసింది చూసినట్టు చెప్పి ముందుకు పోతడు. మా అవ్వ గూడ ఏడ్వలేదు. "నల్లరేగడా, చెలుకనా?" అని అడిగింది. నల్లరేగడి అయితె మనిషి గుంజలేడు అన్నది. మా ఇంట్ల ఒక ఎద్దు సచ్చిన ఏడు మా నాయిన, మా చిన్నాయిన దంతె గుంజిన్రట. ఆ సంగతి నాకు ఇన్నేండ్లల్ల తెలువదు. ఒక కన్నడ పుస్తకం చదివితె మా ఇంటి సంగతి బయటికొచ్చింది.

బెంగుళూరు హాస్టల్ రోజులు, స్మశానంల కూసునుడు గురించి రాసిన కాడ పిల్లలు పడి పడి నవ్విన్రు. దళిత ఆత్మకథ అంటె నవ్వు రాదని ఎవరు చెప్పిన్రో గాని, మా వాడల ఉన్నంత ఎగతాళి ఏ దొర గడీల గూడ ఉండదు. నవ్వు లేకపోతె మేము ఇన్ని తరాలు ఎట్ల బతుకుతుంటిమి? సిద్ధలింగయ్య కర్ణాటకల దళిత సంఘర్ష సమితిని నిలబెట్టినోళ్లల్ల ఒకడు. 2021 జూన్ 11న కరోనాతోని పోయిండు. ఈ పుస్తకం తెలుగు ఉద్యమాలల్ల తిరిగేటోళ్లు అందరు చదవాలె. కోపం ఉన్న మనిషి ఎంత నిమ్మలంగ మాట్లాడొచ్చో దాంట్ల ఉన్నది.

ఫిబ్రవరిల అంబేడ్కర్. పెద్ద సంపుటాలు గాదు, 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని ఆయన తన అనుభవాల మీద రాసుకున్న ఇరవై పేజీల రాత. ఆయన బతికుండంగ అచ్చు కాలేదు. 1990ల పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పుస్తకంగ వేసింది. నాకు దొరికిన తెలుగు అనువాదం ఎవరిదో పేరు చెప్పను. చదువుతుంటె నోరు తిరగలేదు. మూడు గజాల సమాసాలు. దాహమైన పిల్లగాడు నీళ్లు అడుగుతుంటె ఆ వాక్యం పంచె కట్టుకొని, నామం పెట్టుకొని వచ్చి నిలబడ్డట్టు ఉన్నది. రెండు పేజీలకే మా అవ్వ లేసింది. ఈ ఆరు నెలల్ల నాకు అన్నిటికన్న బాధయింది ఇక్కడనే. రాసిందేమో అంబేడ్కర్, ఇనాల్సిందేమో మా అవ్వ, నడుమ అడ్డం నిలబడ్డది తెలుగు.

తెల్లారి ఇంగ్లీషుది తెచ్చుకొని, నేను చదువుకొని, మా మాటలల్ల చెప్పిన. 1901ల తొమ్మిదేండ్ల పిల్లగాడు అన్నతోని, అక్క కొడుకుతోని మసూర్ స్టేషన్ల దిగుడు, తండ్రి దగ్గరికి పోనీకె బండి దొరకకపోవుడు. స్టేషన్ మాస్టరు మొదట మంచిగ మాట్లాడి, మహర్లమని చెప్పంగనె మొకం మారి తన గదిలకు పోవుడు. రెండింతల కిరాయి ఇస్తమంటె ఒకడు ఒప్పుకున్నడు గాని బండి పిల్లలే తోలుకోవాలె, ఆయన పక్కకు నడుస్తడు. డబ్బా నిండ తిండి ఉన్నది, నీళ్లు లేవు. రాత్రంత నీళ్లు లేక తినలేదు. మా అవ్వ కదలలేదు.

తర్వాత దౌలతాబాద్ ముచ్చట. 1934ల అంబేడ్కర్, ఇంకో ముప్పై మంది దాక కార్యకర్తలు ఎల్లోరా గుహలు చూడనీకె బయలుదేరి దౌలతాబాద్ కోట దగ్గర ఆగిన్రు. దారి దుమ్ము పడ్డ మొకాలు అక్కడి నీళ్ల హౌజుల కడుక్కున్నరు. తెల్లగడ్డం ముసలాయన ఒకడు ఒర్రుకుంట వచ్చిండు, అంటరానోళ్లు నీళ్లు మైల చేసిన్రని. జనం పోగైన్రు. మేము ముసల్మానులమైతె గూడ ఇట్లనే ఆపుతరా అని అంబేడ్కర్ అడిగితె వాళ్ల నోట మాట రాలేదు. ఆఖరికి నీళ్లు ముట్టొద్దనే షరతు మీద, ఒక సిపాయిని ఎంబడి ఇచ్చి లోపలికి పోనిచ్చిన్రు.

ఆ దౌలతాబాద్ అప్పుడు నిజాం రాజ్యంల ఉండె. మా జహీరాబాద్ గూడ అదే రాజ్యం. మా తాత గూడ అదే సర్కారు కింద బతికిండు. అంబేడ్కర్ అంటె ఢిల్లీ, బొంబాయి, లండన్ అనుకునే మా పిల్లలకు, ఆయనను నీళ్లకాడ ఆపింది మన రాజ్యంలనే అని చెప్పితె కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా ఊర్ల ఉర్సుకు అందరం పోతం, పీర్ల పండుగకు డప్పు కొట్టేది మనమే, గడ్డపాయన బిడ్డ పెండ్లికి మనల్ని పిలుస్తడు. అదీ నిజమే, ఇదీ నిజమే. రెండూ రాసినోడు అంబేడ్కర్. హిందువులకే గాదు, పార్సీలకు, ముసల్మానులకు గూడ మనం అంటరానోళ్లమే అయితిమని దాచకుండ రాసిండు. ఈ రోజుల్ల ఆ పేజీలను ముసల్మానుల మీదికి ఉసిగొల్పనీకె వాడుకునేటోళ్లు గూడ ఉన్నరు. వాళ్లు ఆ పుస్తకంల మిగిలిన పేజీలు చదవరు.

మా అవ్వ మాత్రం హౌజు దగ్గరనే ఆగింది. తాను పెండ్లయి వచ్చిన కొత్తల్ల చేదబాయి గడ్డ కింద కడవ పెట్టుకొని, ఎవరన్న పైనుంచి పోస్తరా అని పొద్దు నెత్తి మీదికి వచ్చేదాక నిలబడ్డది గుర్తుచేసుకున్నది. "గాయినె సిన్నప్పుడు నీళ్లు లేకపాయె, పెద్దగై మోటర్ల తిరిగినంక గూడ నీళ్లే లేకపాయె" అన్నది. నేను పదేండ్ల సంది అంబేడ్కర్ జయంతికి ఉపన్యాసాలు ఇస్తున్న. ఆ మాట నాకు తట్టలేదు.

మార్చి, ఏప్రిల్ రెండు నెలలు ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'కి పోయినయి. ఎప్పటినుంచో చదవాలె అనుకున్న పుస్తకం. 1922ల వచ్చింది, జైల్ల కూసోని రాసిండు, ఇంగ్లీషు సర్కారు నిషేధించింది. నూరేండ్ల కింద ఒక పైకులం మనిషి మాల ఇంటిని కథకు నడుమ నిలబెట్టుడు చిన్న సంగతి గాదు. ఆ గౌరవం నాకున్నది. కాని నవల చదువుతుంటె మనసు పట్టలేదు. రామదాసు ఎప్పుడు నోరు తెరిచినా వేదాంతమే. చెట్టంత కొడుకు సంగదాసు చౌదరయ్య చేతిల సస్తె గూడ ఆ ఇంట్ల కోపం రాదు. మంచోడు అయితెనే, శాంతమూర్తి అయితెనే మాలోడు మనిషి లెక్కకు వస్తడన్నమాట. మరి తాగెటోడు, తిట్టెటోడు, మా నాయిన లెక్క కోపమొస్తె దొర బండి కాడి ఇరగ్గొట్టెటోడు, వీళ్లెవరు?

పిల్లలు ఒప్పుకోలేదు. ఆ కాలానికి అంతకంటె ఎట్ల రాస్తడు సార్ అన్నరు. అదీ నిజమే. మా అవ్వ తీర్పు వేరే ఉన్నది. ఆమెకు అందరికన్న నచ్చింది వెంకటదాసు. దొంగలల్ల కలిసి తక్కెళ్ల జగ్గడై ఉన్నోళ్లను దోసి లేనోళ్లకు పంచుతడు గదా, వాని కాడ మాత్రం "మల్ల సదువు" అన్నది. ఆ మాట మీద 'మాలపల్లి'కి ఐదు మార్కులు ఎక్కువేసిన.

'ఏడు తరాలు' గురించి ఎక్కువ చెప్పను, తెలుగుల చదువుకున్న ఏ దళిత కార్యకర్త గూడ దాన్ని దాటి రాలేదు. అలెక్స్ హేలీ 'రూట్స్'ను సహవాసి తెలుగు చేసిండు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. నేను హాస్టల్ల ఉండంగ చదివిన, ఇప్పుడు రెండోసారి. అది కుదించిన అనువాదం, కుదించుడు మంచిదే అయింది, గట్టిగ చదవనీకె తగ్గట్టు ఉన్నది. కుంటా కింటేకు దొర టోబీ అని పేరు పెడితె వాడు ఆ పేరు ఒప్పుకోడు. మా వాడల ఎల్లయ్య, నర్సయ్య అని పుట్టినోళ్లను ఊర్ల ఎల్లిగా, నర్సిగా అని పిలుస్తరు. ఒక పిల్లగాడు తన తాత పేరు రేషన్ కార్డుల గూడ అట్లనే పడ్డదని చెప్పిండు. తెల్లారి మీసేవకు పోయి దిద్దిపిద్దమని అర్జీ పెట్టిండు. పుస్తకం పని చేసుడంటె నాకు అదొక లెక్క.

కల్యాణరావు 'అంటరాని వసంతం' 2000ల వచ్చింది. మూడోసారి చదివినా నాకు అంతే ఇష్టం. ఎల్లన్న పాట, సుభద్ర, కరువుల బకింగ్‌హాం కాలువ తవ్వకం. మా పాత మెదక్ జిల్లోళ్లకు ఆ కాలువ ముచ్చట కొత్త గాదు. మెదక్ పెద్ద చర్చి గూడ కరువు పూట పనికి కూడు పెట్టి కట్టించిందే, 1924ల ప్రతిష్ఠ అయింది. రాళ్లు మోసినోళ్ల మనుమలు ఇంక ఉన్నరు, వాళ్ల మీద ఒక నవల లేదు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత దళిత సాహిత్యం ఉప్పెన లెక్క వచ్చింది. మేము హాస్టల్లల్ల 'చిక్కనవుతున్న పాట' చేతులు మార్చుకుంట చదివినం. కాని అందుల మా దిక్కు నేల కనబడేది తక్కువ. కోస్తా మీద కోపం గాదిది, మాది మేమే రాయాలె గదా.

వేముల ఎల్లయ్య 'కక్క' నల్లగొండ మాదిగల మాటలల్ల రాసిన నవల. నేను ఆగి ఆగి చదివిన, ఎమ్మే చదివిన నాకు తెలువని మాటలు మా అవ్వకు తెలిసినయి. కొన్ని ఆమెకు గూడ తెలువలేదు, నల్లగొండ వేరు, జహీరాబాద్ వేరు. నాకు కష్టమైంది, ఆమెకు సులువైంది. మామూలుగ పుస్తకాలు దీనికి ఉల్టా ఉంటయి.

ఇగ అన్నిటికన్న కోపం తెప్పిచ్చిన పుస్తకం. పట్నంల నాలుగు వందలు పెట్టి కొన్న. చిరుధాన్యాల మీద, నున్నటి కాగితం, రంగు బొమ్మలు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నది గదా, అప్పటినుంచి ఇసొంటివి మస్తు వస్తున్నయి. రాసినాయన పేరు చెప్పుడు అనవసరం, ఇట్ల రాసేటోళ్లు ఒక్కరు గారు. కొర్రలు, సామలు మన రుషుల ఆహారమట. పుస్తకం మొత్తంల వాటిని పండిచ్చే చేయి ఒక్కటి లేదు. జహీరాబాద్ పేరు లేదు.

1983ల రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినంక జొన్నరొట్టె తినుడు నామోషీ అయింది. బడిల రొట్టె డబ్బా తీస్తె పక్కపోళ్లు నవ్వెటోళ్లు. ఆ నామోషీ రోజుల్ల పచ్చజొన్న, కొర్ర, సామ, తైద విత్తనాన్ని బుట్టల్ల దాచి బతికిచ్చింది మా వాడల ఆడోళ్లు. యాపాకు, బూడిద కలిపి, పేడతోని మూతి అలికి దాచిన్రు. పస్తాపూర్‌ల దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లను సంఘాలుగ కూడగట్టింది. పడావు పడ్డ భూములను సాగు చేసి, పండిన జొన్నలను ఊర్లల్లనే బీదోళ్లకు పంచే పద్ధతి 1990 దశకంల నడిపిన్రు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊరూరు తిరిగే పాత పంటల జాతర వాళ్లదే. 2019ల ఆ సంఘాలకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. సొసైటీని నడిపిన సతీష్ 2023 మార్చిల పోయిండు. ఇదంత అచ్చులనే ఉన్నది, ఎతికితె దొరుకుతది. అయినా రుషులే గుర్తుకొచ్చిన్రు.

మా అవ్వ బొమ్మలు చూసి, "గీ సిరుదాన్యాలంటె ఏం పంట?" అని అడిగింది. కొర్రలే అని చెప్పిన. మల్ల ఆ పుస్తకం తెరవలేదు.

జూన్ల గోగు శ్యామల కథలు. "పుస్తకం పేరేంది?" అని అవ్వ అడిగింది. "ఏనుగంత తండ్రికన్న..." అనంగనే "ఏకుల బుట్టంత తల్లి నయం" అని ఆమెనే పూర్తి చేసింది. ఏకులంటె ఏందో పిల్లలకు తెలువదు. నూలు వడుకనీకె దూది చుట్టి పెట్టుకునే చుట్టలని ఆమెనే చెప్పింది. శ్యామలది పెద్దేముల్, తాండూరు దిక్కు. మాకు ఆ పక్క ఊరే అనుకోవాలె, అదే కంది, అదే జొన్న. ఆడపిల్లను జోగిని చెయ్యాలంటె తండ్రి ఒప్పుకోక, దెబ్బలు తిని, బిడ్డను హాస్టల్ల చేర్పిచ్చే కథ చదివినప్పుడు మా అవ్వ పేర్లు చెప్పకుండ ఇద్దరిని యాది చేసింది. జోగిని వ్యవస్థను ఆపే చట్టం 1988ల వచ్చింది. ఆ ఇద్దరికీ అప్పటికే ఒడిసిపోయింది.

శ్యామల కథల్ల మాదిగోళ్లకు పని వస్తది. తోలు తెలుసు, మన్ను తెలుసు, పశువు తెలుసు, పాట తెలుసు. ఆకలి గూడ ఉన్నది, కాని ఆకలి ఒక్కటే లేదు. ఈ ఆరు నెలల్ల నాకు నచ్చినవాటికి, నచ్చనివాటికి తేడా ఎక్కడున్నదో ఈ పుస్తకం కాడ తెలిసింది. మన ఆకలి మాత్రమే తెలిసిన పుస్తకం మనల్ని చూడలేదు. మన చేతులకు ఏం తెలుసో దానికి తెలువదు. దయ ఉంటది దాంట్ల, దయతోని నాకేం పని?

శ్యామల కథలు ఇన్నంక డిగ్రీ చదివే ఒక పిల్ల తన నాయినమ్మ మీద మూడు పేజీలు రాసుకొచ్చింది. నాయినమ్మ గూడ ఆ ఆదివారం అరుగు మీదికి వచ్చింది. పిల్ల చదివింది. "నిరుపేద కుటుంబంలో జన్మించిన ఆ వృద్ధురాలు కన్నీటి సంద్రంలో ఈదుతూ..." అట్ల పోయింది. నాయినమ్మ చివరిదాక ఇని, "గీమె ఎవ్వలు బిడ్డా? పాపం" అన్నది.

పిల్ల మొకం చిన్నగైంది. ఆ ముసలామె ఏడ్చుకుంట కూసునే మనిషి గాదు. ముప్పై రకాల విత్తనం ఏది ఏ బుట్టల ఉన్నదో చీకట్ల చెయ్యి పెట్టి చెప్తది. సత్యం పంటలంటె ఏందో ఆమెనే మాకు చెప్పింది. నీళ్లు పెట్టకుండ, మందు ఎయ్యకుండ, చలికాలం మంచుకే పండే కుసుమ, శెనగ అసొంటివి. ఆ మూడు పేజీలల్ల ఒక్క గింజ లేదు. పిల్ల తప్పేం లేదు, బడిల మేము నేర్పిన తెలుగే అది. "మీ నాయినమ్మ రేడియోల మాట్లాడితె ఎట్ల మాట్లాడుతదో అట్ల రాయి" అని చెప్పిన. "అట్ల రాస్తె పుస్తకంల ఏస్తరా సార్?" అని అడిగింది. 'కక్క' తీసి చూపిచ్చిన. శ్యామల పుస్తకం చేతికిచ్చిన.

మిగిలిన ఆరు నెలలకు నాలుగు పుస్తకాలు తీసిపెట్టిన. మొదటిది 'నేనే బలాన్ని', సదాలక్ష్మి బతుకు కథ. గోగు శ్యామల రాసిందే, 2011ల వచ్చింది. సికింద్రాబాద్ దిక్కు మెహతర్ల ఇంట్ల పుట్టిన ఆడిబిడ్డ మంత్రి అయింది, శాసనసభల డిప్యూటీ స్పీకరు అయింది, 1969 తెలంగాణ పోరాటంల నిలబడ్డది. 1994ల ఈదుమూడిల పుట్టిన దండోరకు ముసలితనంల అండగ ఉన్నది. వర్గీకరణ చట్టం తెలంగాణల 2025 ఏప్రిల్ 14 నుంచి అమలుకు వచ్చింది, ఆమె చూడకుండనే 2004ల పోయింది. మాల మిత్రులు గూడ ఆ ఆదివారాలు రావాలె అని చెప్పి పంపిన, వస్తమన్నరు.

జూలై మొదటి ఆదివారం అది మొదలువెడ్తం. అంతకు ముందు ఆ పిల్ల తిరిగి రాస్తున్నది చదవాలె. రెండు పేజీలు అయినయట. నాయినమ్మ పక్కన కూసోని, బుట్టలన్ని ఒక్కొక్కటి తీసి చూపిస్తుంటె రాస్తున్నదట.